వాళ్ల అన్నయ్య వేసిన రంగు కడిగేశాను, ఇప్పుడు వాడికేం చెప్పను?

ఈసారి ఉత్తరం చాలా పొడుగు, అందులో సగం రంగుల పేర్లే, కాబట్టి కుదించి చెబుతాను. రాసినాయన వార్‌హామర్ 40,000 ఆడతారు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: బల్ల మీద ఆడే యుద్ధం ఆట ఇది. 1987లో మొదలైంది. సుదూర భవిష్యత్తులో అంతరిక్ష సైన్యాల గొడవ. బొటనవేలంత ఎత్తు సైనికుల బొమ్మలు ముక్కలు ముక్కలుగా వస్తాయి, వాటిని కత్తిరించి, అతికించి, రంగులు వేసుకుని అప్పుడు ఆడాలి. ఈయనకి ఆడటం కన్నా రంగులు వేయడం ఇష్టం, చేయి బాగా తిరిగినవారు. చిన్ననాటి స్నేహితుడికి ఆడటం ఇష్టమే కానీ బ్రష్ పట్టుకుంటే చేయి వణుకుతుందట. ఆ స్నేహితుడు ఒకరోజు పెట్టె నిండా పాత స్పేస్ మెరీన్లు (ఆ ఆటలో కవచాలు తొడిగిన ఒక సైన్యం) తెచ్చి, మొత్తం నలభై ఒకటి, "టోర్నమెంట్‌కి దిగుతున్నా, అన్నీ కొత్తగా చేసిపెట్టరా" అని ఇచ్చి వెళ్లాడు.

పాత బొమ్మలకి మళ్లీ రంగు వేయాలంటే ముందు పాత రంగు వదిలించడం మామూలే. ఈయన అన్నింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్ది శుభ్రం చేశారు. పెట్టె ఇచ్చిన ఐదు వారాలకి స్నేహితుడు ఫోన్ చేసి మాటల మధ్యలో, "మా అన్నయ్య కెప్టెన్‌ని మాత్రం ముట్టుకోకురోయ్, అది అలాగే ఉండాలి" అన్నాడు. ఆ అన్నయ్య చనిపోయి నాలుగేళ్లయింది. ఆ కెప్టెన్, 1990ల మొదట్లో వచ్చిన లోహపు బొమ్మ, స్కూలు రోజుల్లో ఆ అన్నయ్య తన చేత్తో రంగులు వేసినది. అప్పటికే అది బట్టతలలా మెరుస్తూ న్యూస్‌పేపర్ మీద ఆరుతోంది. ఈయన నోట్లోంచి వచ్చిన మాట: "ఉందిరా, భద్రంగా ఉంది."

ఇది మూడు వారాల కిందటి సంగతి. టోర్నమెంట్‌కి ఇంకా ఆరు వారాలుంది. స్నేహితుడు ఎప్పుడో పంపిన ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంది, కెప్టెన్ ముందువైపుది. "దాన్ని చూసి అచ్చం అలాగే వేసేయగలను. మా ఆవిడ కూడా అదే అంటోంది, చెప్పి వాడిని ఏడిపించడం తప్ప సాధించేదేముంది అని. నిద్ర పట్టట్లేదు. నలభై బొమ్మల్లో ఒక్కదానికీ ఇంకా రంగు మొదలుపెట్టలేదు. వేసేయనా? చెప్పేయనా?" ఇదీ ప్రశ్న.

సరే. ముందు ఒక చిన్న పని చెబుతాను, ఇది చదవడం ఆపేసి అయినా సరే వెళ్లి చేసి రండి. కెప్టెన్‌ని ఇంకోసారి రుద్దకండి, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టకండి, ఏమీ చేయకండి. గట్టి వెలుతురులో భూతద్దం కింద పెట్టి నెమ్మదిగా తిప్పుతూ చూడండి. లోహపు బొమ్మల్ని ఎంత రుద్దినా సందుల్లో రంగు పూర్తిగా పోదు, ఈ పని చేసేవాళ్లందరూ విసుక్కునే సంగతే కదా ఇది. చంక కింద, బెల్ట్‌కి ఉన్న పౌచ్ వెనక, కాళ్ల మధ్య, అంగీ మడతల లోపల, మెడ దగ్గర కవచం ముఖాన్ని కలిసే చోట చూడండి. ఒక గీత ఎరుపో, ఒక చుక్క ఆకుపచ్చో కచ్చితంగా మిగిలే ఉంటుంది. మామూలుగా అయితే దాన్ని సూదితో గీకి తీసేస్తాం. ఈసారి అదే మీ దగ్గరున్న అసలు సరుకు. ప్రైమర్ పడితే అది కూడా పోతుంది, అందుకే ఈ తొందర.

ఇప్పుడు మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో రెండు వేరువేరు సంగతులు ఒకే ముద్దగా ఉన్నాయి. రంగు కడిగేయడం ఒకటి. ఫోన్‌లో చెప్పింది ఇంకొకటి. మొదటిదాంట్లో మీ తప్పు ఎంత? నా లెక్కలో చాలా కొంచెం. "అన్నీ" అన్నాడు, అన్నీ ఒకే పెట్టెలో పెట్టి ఇచ్చాడు, ఒక్కదాన్ని విడిగా కాగితంలో చుట్టలేదు, ఐదు వారాలదాకా మాట ఎత్తలేదు. ముప్ఫై ఏళ్ల నాటి మందపాటి రంగు కనిపిస్తే ఎవరైనా చేసే పనే మీరు చేశారు. మీరు అడిగి ఉండాల్సిందా అంటే అడిగి ఉండాల్సిందే, ఇలాంటి పాత పెట్టె చేతికొస్తే "ఇందులో అలాగే ఉంచాల్సినవి ఉన్నాయా" అని అడగడం మంచి అలవాటు. కానీ అది అజాగ్రత్త, అంతే. నేను కూడా ఒకప్పుడు ఎవరో ఇచ్చిన ఐదు ప్లాస్టిక్ బొమ్మల్ని తొందరగా శుభ్రం చేద్దామని అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో వేశాను. ఆ బొమ్మల ప్లాస్టిక్, అంటే పాలిస్టైరిన్, అసిటోన్‌లో కరుగుతుందని అప్పుడు నాకు తెలీదు. పావుగంట తర్వాత చూస్తే తుపాకులూ చేతులూ కలిసి ఒకటే జిగురుముద్ద, అందులోంచి ఒక హెల్మెట్ మాత్రం నావైపు చూస్తోంది. మనసుకి కష్టంగా ఉంటుంది, కానీ నిద్రపట్టకుండా చేసేది అది కాదు. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండోది, ఆ "భద్రంగా ఉంది."

అది నోరు జారిన మాటే, ఒప్పుకుంటాను. ఎదురుచూడని ప్రశ్న వస్తే మనిషి నోట్లోంచి వచ్చే మొదటి మాట అలాగే ఉంటుంది. పైగా మాటవరసకి నిజం కూడా, బొమ్మ భద్రంగానే ఉంది మరి. కానీ ఆ ఒక్క క్షణం మూడు వారాలు సాగింది, ఇప్పుడు మీరు ఫొటో ముందు పెట్టుకుని దానికి సాక్ష్యం తయారుచేద్దామా అని ఆలోచిస్తున్నారు. నోరు జారడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

మీ ముందున్న దారులు చూద్దాం. మొదట మీరూ మీ ఆవిడా అనుకుంటున్నదే: అచ్చం అలాగే వేసేసి నోరు మూసుకోవడం. మీ ఆవిడ మాటని నేను కొట్టిపారేయను, ఆవిడ అంటున్నది అబద్ధం మంచిదని కాదు, వాడిని బాధపెట్టొద్దని. అది ప్రేమతో అన్న మాటే. అయితే పని సంగతి చూడండి. బాగా వేసిన బొమ్మని చూసి బాగా వేయడం చేయి తిరిగినవాడికి సాధ్యమే. పద్నాలుగేళ్ల పిల్లాడు వేసినదాన్ని మీలాంటివాడు మళ్లీ వేయడం దానికన్నా కష్టం. ఆ అన్నయ్య రంగులో నీళ్లు కలపకుండా సీసాలోంచి నేరుగా పులిమి ఉంటాడు, అందుకే కవచం అంచుల్లో అది పేరుకుని ఉంటుంది. మీ ఉత్తరంలో మీరే రాశారు, ఒక కన్ను పెద్దది, ఒకటి పక్కకి చూస్తోంది అని. మిల్లీమీటరైనా లేని కంటిలో వేరే మనిషి పొరపాటుని ఎలా వేస్తారు? మీ చేయి తనకు తెలియకుండానే సరిదిద్దేస్తుంది. ఫొటో చూస్తే పసుపుపచ్చ బల్బు కింద తీసినది, ముందువైపు మాత్రమే. వీపు ఎలా ఉండేదో మీకు తెలీదు, వాడికి తెలుసు. రంగులు కూడా అవి కావు. ఈ బొమ్మల రంగుల బ్రాండ్ సిటడెల్ 2012లో రంగుల వరస మొత్తం మార్చింది. అప్పటి బ్లడ్ రెడ్‌కి బదులుగా ఈవిల్ సన్జ్ స్కార్లెట్ దొరుకుతుంది, బోల్ట్‌గన్ మెటల్‌కి బదులు లెడ్‌బెల్చర్, బేస్ (బొమ్మ నిలబడే బిళ్ల) అంచుకి ఆ రోజుల్లో అందరూ వేసిన గాబ్లిన్ గ్రీన్‌కి బదులు వార్‌బాస్ గ్రీన్. దగ్గరగా ఉంటాయి, అవే కావు. ఇక అన్నయ్య వాడినవి విమానాల మోడళ్లకి వేసే ఎనామెల్ రంగులైతే ఆ మెరుపే వేరు.

అయినా సరే, మీరు నిజంగా మోసం చేయగలిగారే అనుకుందాం. ఆ తర్వాత ఏం జరుగుతుంది? టోర్నమెంట్ రోజు వాడు ఆ కెప్టెన్‌ని బల్ల మీద ముందు వరసలో పెడతాడు. ఎదుటి ఆటగాడు "ఇదేంటి, ఇదొక్కటే ఇలా ఉంది?" అంటాడు, అనకుండా ఉండడు, మిగతా నలభై మీ చేత్తో మెరిసిపోతుంటే ఇదొకటి తేడాగా ఉంటుంది కదా. "అది మా అన్నయ్య వేసింది" అంటాడు వాడు. మీరు పక్కనే నిలబడి ఉంటారు. అక్కడ మీ మొహం ఎలా పెడతారు? ఆ ఒక్కరోజే కాదు, అది వాళ్ల ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నన్నాళ్లూ. మీ మనసు మూడు వారాలకే ఇలా ఉంది మరి. ఇంకొకటి, ఇప్పుడు తెలిస్తే "రంగు పోగొట్టాడు" అంటాడు. పదేళ్ల తర్వాత తెలిస్తే "దొంగది చేసి నా చేతిలో పెట్టాడు" అంటాడు. మొదటిది క్షమించడం తేలిక.

రెండో దారి, అదే పాత బొమ్మని సెకండ్‌హ్యాండ్‌లో వెతికి కొనడం. దొరకొచ్చు, ఆ రోజుల లోహపు బొమ్మల్ని సేకరించేవాళ్లు ఉన్నారు. కానీ అది ఇంకెవరి అన్నయ్య కెప్టెనో. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

మూడోది, టోర్నమెంట్ అయ్యాక చెప్పడం. వాడి ఉత్సాహం పాడుచేయడం ఎందుకు అనే వాదన ఇందులో ఉంది, కొంచెం బలమైనదే. కానీ అప్పటిదాకా వాడు అడిగినప్పుడల్లా ఇంకో "భద్రంగా ఉంది" చెప్పాలి, బొమ్మల్ని అప్పగించే రోజు కెప్టెన్ ఏడి అంటే ఇంకోటి చెప్పాలి. ఒకటి నాలుగవుతుంది. ఈ దారి ఎంచుకుంటే కనీసం టోర్నమెంట్‌లో కెప్టెన్ స్థానంలో వేరే బొమ్మ పెట్టమని మీరే సలహా ఇచ్చి, "పాతది ప్రయాణంలో దెబ్బతినకుండా ఇంట్లోనే ఉండనీ" అనొచ్చు... చూశారా, నేను కూడా ఎంత తేలిగ్గా ఇంకో అబద్ధం అల్లేశానో.

నాలుగోది, ఇప్పుడే, కెప్టెన్ మీద ఒక్క చుక్క రంగు పడకముందే చెప్పడం. నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను. అయితే దీని ఖర్చు కూడా తెలుసుకుని చేయండి. వాడు అరవొచ్చు. ఏమీ అనకుండా ఫోన్ పెట్టేయొచ్చు, అది ఇంకా కష్టం. పెట్టె వెనక్కి తీసుకెళ్లిపోవచ్చు, టోర్నమెంట్ మానేయొచ్చు, కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. "చెప్పేస్తే అంతా బాగైపోతుంది" అని నేను అనను. నిజం చెప్పినందుకు మెచ్చుకోవాల్సిన బాధ్యత వాడికి లేదు.

చెప్పేదైతే వీలుంటే ఎదురుగా, బొమ్మ జేబులో పెట్టుకుని వెళ్లి చెప్పండి. కుదరకపోతే ఫోన్. మెసేజ్ వద్దు, అందులో వాడు మీ గొంతు వినలేడు, మీరు టైప్ చేసి చెరిపి టైప్ చేసి అర్ధరాత్రి దాటిస్తారు. మాట ఇలా ఉంటే చాలు: "ఒరేయ్, ఒక చెడ్డ సంగతి చెప్పాలి. అన్నయ్య కెప్టెన్ రంగు పోయింది. నువ్వు ఫోన్ చేసేసరికే నేను అన్నింటితో పాటు కడిగేశాను. ఆరోజు భయపడి భద్రంగా ఉందన్నాను, అది అబద్ధం." ఆపేయండి అక్కడ. "నువ్వే అన్నీ అన్నావుగా" అనే మాట నాలుక చివరదాకా వస్తుంది, అది నిజమే కాబట్టి ఇంకా గట్టిగా వస్తుంది, మింగేయండి. వాడికి తర్వాత ఎప్పుడో తనంతట తానే గుర్తొస్తుంది, అప్పుడు దాని విలువ వేరు. "నేను మళ్లీ అచ్చం అలాగే వేసిస్తాను" అని కూడా అదే ఊపులో అనకండి. పోయిందని విన్న నిమిషంలోనే బదులు సరుకు చూపిస్తే, పోయినదాని గురించి బాధపడే వ్యవధి కూడా మీరు ఇవ్వలేదని అనిపిస్తుంది.

ఆ తర్వాత, వాడు అడిగితే, బొమ్మ చూపించండి. ఇక్కడ మీ ఉత్తరంలో మీరు అలా రాసేసి దాటేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. కుడి చేయి నానబెట్టినప్పుడు ఊడిందనీ, అది అసలు ఆ బొమ్మది కాదనీ, వేరే కిట్‌లోంచి తీసి అతికించినదనీ, బ్యాక్‌ప్యాక్ మీద ఏరియల్ గుండుసూదితో చేసినదనీ రాశారు. చేయి ఊడటం సహజమే, సూపర్ గ్లూ అతుకులు ఆల్కహాల్‌లో వదులవుతాయి. కానీ ఆలోచించండి, వేరే కిట్‌లోంచి చేయి కోసి, భుజానికి సరిపడేలా అరగదీసి, గుండుసూది తల తుంచి ఏరియల్‌గా గుచ్చింది ఎవరు? ఆ స్కూలు పిల్లాడే. భుజం దగ్గర ఫైల్‌తో రాసిన గీతలు వంకరటింకరగా ఉండే ఉంటాయి, భూతద్దంలో చూడండి. రంగు పోయింది, అది నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. కానీ మందపాటి రంగు కింద ఇన్నేళ్లూ ఎవరికీ కనిపించని ఈ పని ఇప్పుడు కనిపిస్తోంది. వాడికి ఇది ఊరటో కాదో నాకు తెలీదు. మీరు "చూడు, దీనివల్ల మేలే జరిగింది" అని మాత్రం అనకండి, చూపించి ఊరుకోండి.

కెప్టెన్‌ని ఏం చేయాలన్నది ఇక వాడి ఇష్టం. అలాగే లోహంగా ఉంచమనొచ్చు. అలాగైతే సందుల్లో మిగిలిన రంగు రాలకుండా పైన మ్యాట్ వార్నిష్ ఒక పలచటి పూత చాలు. ఫొటో చూసి మళ్లీ వేయమనొచ్చు, తెలిసి వేయమంటే అది దొంగతనం కాదు, కాపీ. అప్పుడు కూడా ఆ మిగిలిన చుక్క ఉన్న చోటు, అంగీ లోపలి మడతో ఏదో, రంగు తగలకుండా వదిలేయండి. లేదంటే, ఇది నాకు నచ్చే ఊహ, వాడే వేస్తాననొచ్చు. చేయి వణికితే వణకనీయండి, బొమ్మని మందుసీసా మూత మీద అతికించి చేతికిస్తే, రెండు మణికట్లూ బల్ల అంచుకి ఆనించుకుంటే వణుకు సగం తగ్గుతుంది. పక్కన కూర్చుని అడిగినప్పుడే చెప్పండి, బ్రష్ లాక్కోకండి. బేస్ మాత్రం మార్చొద్దు. ఈ మధ్య మెరీన్లకి 32 మిల్లీమీటర్ల బేస్ వస్తోంది కదా అని మీకు చేయి దురద పుడుతుంది, ఆ పాత 25 మిల్లీమీటర్లదే ఉండనీయండి.

మిగతా నలభై సంగతి. మొదలుపెట్టకపోవడానికి కారణం బద్ధకం కాదనుకుంటాను, ఆ పెట్టె తెరిస్తే కెప్టెన్ కనిపిస్తాడు, అంతే. అందుకని ముందు చెప్పేయండి, తర్వాత బ్రష్ పట్టుకోండి. వాడు పెట్టె వెనక్కి తీసుకోకపోతే మాట నిలబెట్టుకోండి, ఆరు వారాలు చాలు. టోర్నమెంట్‌లో సాధారణంగా ఆటకి ఉండే 100 పాయింట్లలో 10 రంగు వేసిన ఆర్మీకే ఇస్తారు. దానికి ప్రధాన భాగాలన్నిటికీ రంగు, బేస్‌కి ఏదో ఒక ముగింపు ఉంటే సరిపోతుంది, పోటీకి పెట్టే బొమ్మలా ఉండక్కర్లేదు. పదేసి బొమ్మలు ఒక దఫా, వారానికి ఒక దఫా. ప్రైమర్ అన్నింటికీ ఒకేసారి కొట్టండి, గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే జోలికి పోకండి, పొడిపొడిగా గరుకుతేలి నలభై బొమ్మలూ మళ్లీ ఆల్కహాల్‌లోకి పోతాయి, ఇప్పుడు మీకది అస్సలు వద్దు. లేతరంగు ప్రైమర్ మీద కాంట్రాస్ట్ రంగులు (ఒక్క పూతలోనే వెలుగునీడలు తెచ్చే పలచటి రంగులు) ఒక పూత, తుపాకులకి లోహపు రంగు, దానిమీద ఒక వాష్ (సందుల్లోకి దిగే పలచటి ముదురు రంగు), అంచులకి కొంచెం డ్రై బ్రష్ (దాదాపు రంగు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం), బేస్. చివరి రెండు వారాలు విరిగినవీ మిగిలినవీ చూసుకోవడానికి.

ఒక్క జాగ్రత్త. చేసిన తప్పుకి బదులుగా ఈ నలభైనీ అద్భుతంగా వేసిద్దాం, ప్రతి కవచం అంచునీ మూడు పొరల్లో తీర్చిదిద్దుదాం, అది చూసి వాడు కరిగిపోతాడు అనే ఆలోచన మీకు వస్తుంది. వచ్చేసిందేమో కూడా. అది కానుక కాదు, లంచం, పుచ్చుకునేవాడికి కూడా అర్థమవుతుంది. ఒప్పుకున్నంత పని ఒప్పుకున్నట్టు చేయండి.

ఇంకో చిన్న మాట, ఇది ఆరోగ్యం సంగతి. అంత పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. రుద్దినప్పుడు రాలిన పొడి ఉన్న కాగితం తీసి పారేయండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, బ్రష్ మొన నోట్లో పెట్టుకుని తిప్పే అలవాటుంటే మానేయండి.

ఇక ఊడిన ఆ చేయి. దాన్ని చిన్న జిప్ కవర్‌లో వేసి కెప్టెన్ పక్కన పెట్టండి. అలవాటుకొద్దీ గ్లూ తీసి అతికించేస్తారేమో, వద్దు. వాడు చూసేదాకా అలాగే ఉండనీయండి.